మోకాళ్లకు పీఆర్‌పీ ప్యాకేజీ అమ్ముతున్నారా? డబ్బు మొత్తం ముందే కట్టకండి

హైదరాబాద్‌లో మోకాళ్ల నొప్పులకు పీఆర్‌పీ (మన రక్తంలోంచే తీసి కీలులోకి ఎక్కించే ప్లేట్‌లెట్ల ద్రవం) ఇంజెక్షన్లను ప్యాకేజీలుగా అమ్మే క్లినిక్‌లు బాగా ఎక్కువయ్యాయి. షటిల్ కోర్టుల దగ్గర, రన్నింగ్ గ్రూపుల్లో, అపార్ట్‌మెంట్ క్యాంపుల్లో వీళ్ల మనుషులే. ముఖ్యంగా నలభై దాటినా ఆట మానని వాళ్ల వెంటపడుతున్నారు. నేను మూడు ఇంజెక్షన్లకు డబ్బు కట్టాను. మొదటిదానికే మోకాలు వాచి మంచం ఎక్కాను. మిగతా రెండింటి డబ్బు ఇంకా వాళ్ల దగ్గరే ఉంది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి క్లినిక్ పేరు రాయడం లేదు.

అమ్మే పద్ధతి చెబుతాను, మీకూ ఇలాగే ఎదురు కావచ్చు. మా అపార్ట్‌మెంట్‌లో ఉచిత ఎక్స్‌రే అని క్యాంపు పెట్టారు. మెట్లు దిగేటప్పుడు నా కుడి మోకాలు పట్టేస్తుంది, అందుకని వెళ్లాను. తెల్లకోటు వేసుకున్న ఒకావిడ ఫిల్మ్ చూసి, "గుజ్జు అరిగిపోయింది సార్, ఇలాగే వదిలేస్తే ఆర్నెల్లలో ఆపరేషనే" అంది. ఆవిడ డాక్టరు కాదు, కౌన్సెలర్. మీ రక్తంతోనే గుజ్జు మళ్లీ పెరుగుతుందట. లక్షా ఇరవై వేల ప్యాకేజీ ఈ రోజే బుక్ చేస్తే 75 వేలకే ఇస్తారట, ఈఎంఐ కూడా ఉందట. మోచేతి నొప్పి కూడా ఉందని నోరు జారితే కాంబో ఆఫర్ తీసింది! డాక్టరు కనిపించింది డబ్బు కట్టాకే.

గుజ్జు మళ్లీ పెరుగుతుందన్న మాట దగ్గరే లేచి వచ్చేయొచ్చు. 2021లో ఆస్ట్రేలియాలో చేసిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు జామా అనే వైద్య పత్రికలో వచ్చాయి. మోకాళ్ల అరుగుదల కొద్దిగానో ఓ మోస్తరుగానో ఉన్న 288 మందిలో కొందరికి వారానికొకటి చొప్పున మూడు పీఆర్‌పీ ఇంజెక్షన్లు, మిగతావాళ్లకు ఉత్త సెలైన్ ఇచ్చారు. ఎవరికి ఏది వేశారో వాళ్లకు తెలియదు. ఏడాది తర్వాత చూస్తే పదికి కొలిచే నొప్పి పీఆర్‌పీ వాళ్లకు 2.1, సెలైన్ వాళ్లకు 1.8 తగ్గింది. చెప్పుకోదగ్గ తేడా కాదు. గుజ్జు విషయంలోనూ తేడా లేదు. అమెరికా రుమటాలజీ (కీళ్లవాతాల) వైద్యుల సంఘమైతే మోకాలి అరుగుదలకు పీఆర్‌పీ వద్దని 2019లోనే గట్టిగా చెప్పింది. అక్కడి ఎముకల వైద్యుల సంఘం మాత్రం కొందరికి నొప్పి తగ్గవచ్చని 2021లో కాస్త మెత్తగా రాసింది. కాబట్టి వైద్యమే మోసమని నేననను. నిజాయితీగా చేసే డాక్టర్లున్నారు, ఉపశమనం దొరికిందనే పేషెంట్లూ ఉన్నారు. కానీ గ్యారంటీ ఇచ్చేంత రుజువు ఎవరి దగ్గరా లేదు.

ఇంకో సంగతి. పీఆర్‌పీ అనేది సీల్ వేసిన మందు సీసా కాదు. మన రక్తం తీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న ప్లాస్మాను వేరు చేసి కీలులోకి ఎక్కిస్తారు. ఎంత రక్తం తీశారు, ఏ ట్యూబు వాడారు, ఎంత వేగంతో తిప్పారు, తెల్లకణాలు ఉంచారా తీసేశారా అన్నదాన్నిబట్టి సిరంజిలోకి వచ్చే సరుకు మారిపోతుంది. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్ కౌంట్ మనందరికీ తెలిసిందే: మామూలుగా మైక్రోలీటరుకు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు. పీఆర్‌పీలో పది లక్షల దాకా ఉండాలన్నది చాలామంది చెప్పే లెక్క. నా రక్తానికి ముందూ లెక్క చూడలేదు, తిప్పాకా చూడలేదు. అడిగితే "మా మెషీన్ జర్మనీది సార్" అన్నారు.

నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకుంటున్నానా అని ఎవరూ అడగలేదు. ఇలాంటి మాత్రలు ప్లేట్‌లెట్ల పనికి అడ్డమని మామూలుగా వారం ముందు నుంచే ఆపిస్తారట, ఇది నాకు తర్వాత వేరే డాక్టరు చెప్పారు. (గుండెకు ఆస్పిరిన్ వాడేవాళ్లు మాత్రం సొంతంగా ఆపేయకండి.) అల్ట్రాసౌండ్ చూసి సూది వేస్తామని బ్రోషర్‌లో ఉంది, గదిలో ఆ మెషీనే లేదు.

ఇంజెక్షన్ తర్వాత రెండు మూడు రోజులు నొప్పి, కొద్దిగా వాపు ఉండటం మామూలే. నాకు మోకాలు రోజురోజుకూ ఉబ్బి, చివరికి కాలు కింద పెట్టలేకపోయాను. ఫోన్ చేస్తే కౌన్సెలరే ఎత్తి, "అది హీలింగ్ సార్, మంచి సూచన" అంది. టెన్షన్ పడి ఇంకో ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. ఆయన కీలులోంచి నీరు తీసి టెస్టుకు పంపారు. అదృష్టం, ఇన్ఫెక్షన్ లేదు. ఉంటే కీలే పాడయ్యేదట. మోకాలు ఎర్రగా వేడెక్కినా, జ్వరం వచ్చినా, కాలు మోపలేకపోయినా ఫోన్లు చేస్తూ కూర్చోకుండా అదే రోజు పెద్ద ఆసుపత్రికి వెళ్లండి.

డబ్బు వెనక్కి అడిగితే రసీదు వెనక చిన్న అక్షరాలు చూపించారు, నాన్ రిఫండబుల్ అని. రసీదు ముందు వైపు "వెల్‌నెస్ ప్యాకేజీ" అని ఉంది. దాంతో ఇన్సూరెన్స్ వాళ్లూ కుదరదన్నారు. మీరు వేయించుకోవాలనే అనుకుంటే ఒక్కో ఇంజెక్షన్‌కు విడిగా డబ్బు కట్టి, చికిత్స పేరుతో బిల్లు అడగండి. సూది వేసే డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ముందే తీసుకుని మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. తయారయ్యాక ప్లేట్‌లెట్ కౌంట్ ఎంతో కాగితం మీద ఇస్తారా అని అడగండి. ఈ ప్రశ్నకే చాలామంది మొహం మారిపోతుంది.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు మెడికల్ రికార్డులు రాతపూర్వకంగా అడగండి. డాక్టర్ల నియమావళి ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. హెల్ప్‌లైన్ నంబరు 1915. జిల్లా కమిషన్‌లో కేసు రెండేళ్లలోపు వేయాలి, చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు.

నేను 1915కి చేశాక క్లినిక్ నుంచి రాజీకి ఫోన్ వచ్చింది. మిగిలిన రెండు ఇంజెక్షన్లు జుట్టుకు వేస్తారట, తలలో పీఆర్‌పీ బాగా పనిచేస్తుందట. నా జుట్టుకేం లోటు లేదు. ఆ ఆఫర్‌ను వాట్సాప్‌లో రాసి పంపమన్నాను, పంపారు. అది కూడా ఫిర్యాదుకు జతచేశాను.