ఈగర్ అంటే ఒక్క ఆత్రుతేనా? – ఇంగ్లిష్-తెలుగు డిక్షనరీ యాప్ రివ్యూ

రెండు నెలలుగా మా పాప కోసం ఈ డిక్షనరీ యాప్ వాడుతున్నాం. నెట్ లేకపోయినా పనిచేస్తుంది, ఉచ్చారణ స్పష్టంగా వినిపిస్తుంది, అంతవరకు బాగుంది. కానీ ఈగర్ అని కొట్టినా, యాంగ్షస్ అని కొట్టినా ‘ఆత్రుత’ అని ఒకటే అర్థం! అది నమ్మి పాప స్కూల్ టూర్ గురించి ‘ఐయామ్ యాంగ్షస్ అబౌట్ ద ట్రిప్’ అని రాస్తే టీచర్ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, పక్కన ‘భయమా?’ అని రాసి పంపారు. ఈగర్‌లో ఉన్నది ఉబలాటం, ఎప్పుడెప్పుడా అని ఎదురుచూడటం; యాంగ్షస్ అబౌట్ అంటే టెన్షన్. పిల్లలకు ఈ తేడా చెప్పకపోతే ఎలా?

పైగా ఒక్క ఉదాహరణ వాక్యమూ లేదు. ఈగర్ తర్వాత పని చెప్పాలంటే టు (ఈగర్ టు లెర్న్), వస్తువో విషయమో అయితే ఫర్ (ఈగర్ ఫర్ న్యూస్) వస్తుందని నేనే కూర్చుని చెప్పాను. ఈ మాట పాత ఫ్రెంచ్ ‘ఎగ్ర్’ నుంచి వచ్చింది, అంటే పులుపు, పదును. వినెగర్‌లో ఉన్నదీ అదే. ఇది చెప్పాక పాప ఇక మర్చిపోలేదు, ఇలాంటివి యాప్‌లో ఒక్క లైను పెట్టినా ఎంత బాగుండేది!

అర్థం చప్పున చూసుకోవడానికి ఉంచుకోండి, వాక్యాలు రాయడానికి మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. ఐదుకి రెండున్నర.