"రీసెట్ చేసి చూడండి" అంటే వెంటనే చేసేయకండి. నేను చేసి మునిగాను

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి, అక్షరాలు తప్పుపోతే సర్దుకోండి. సెల్లర్ పేరు రాయను. వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్ అని వెతికితే మొదటి వరసలోనే తగులుతాడు, నాలుగున్నర నక్షత్రాలు, "బ్రాండ్ న్యూ, సీల్డ్ ప్యాక్" అని పెద్ద పెద్ద అక్షరాలు. మీలో సగం మందికి ఎవరో ఈపాటికే తెలిసిపోయుంటుంది. మిగతా సగం మంది ఆర్డర్ నొక్కే ముందు ఇది చదవండి చాలు.

సంగతి గబగబా చెప్పేస్తాను. చెవులు మొత్తం కప్పే రకం, నాయిస్ క్యాన్సలింగ్ ఉన్నది కొన్నాను. డబ్బా వచ్చింది, సీలూ ఉంది. (సీలంటే ఓ పారదర్శకమైన గుండ్రటి స్టిక్కర్. అలాంటివి ఎవరైనా ఎన్నిసార్లైనా అంటించొచ్చని ఇప్పుడు జ్ఞానోదయమైంది.) పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే నీలం లైటు టపటపా కొట్టుకుంది, ఫోన్లో బ్లూటూత్ తెరిస్తే పేరు కనపడింది, నొక్కితే పెయిర్ అయింది. నిమిషం పని. కంపెనీ వాళ్ల యాప్ కూడా వేసుకున్నాను.

నా మొదటి తెలివితక్కువతనం ఇక్కడే. హెడ్‌ఫోన్స్ ఇంతవరకూ ఏయే పరికరాలతో పెయిర్ అయ్యాయో ఆ యాప్‌లో ఒక లిస్టు ఉంటుంది. పైన నా ఫోన్. దాని కింద ఇంకో రెండు. ఒకటి ఎవరిదో ఫోన్, మనిషి పేరుతో సహా. రెండోది టీవీ. నేనేమనుకున్నానో తెలుసా? "ఫ్యాక్టరీలో టెస్ట్ చేసుంటార్లే" అనుకున్నాను. అవును మరి, ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి నా హెడ్‌ఫోన్స్ తీసుకుని సోఫాలో కూర్చుని, హాల్లో టీవీకి తగిలించుకుని సీరియల్ చూసి టెస్ట్ చేసుంటాడు. నా బుర్రకి నేనే దండం పెట్టుకోవాలి.

మూడో రోజు కుడి చెవి పోయింది. మొత్తం పోతే ఒక బాధ. ఇది పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. ఎడమ వైపు పాట హాయిగా సాగిపోతూనే ఉంటుంది, కుడి వైపు మాత్రం ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది. వెంటనే సపోర్ట్ చాట్ తెరిచాను. రిటర్న్ గడువు పది రోజులు. ఆ అంకె గుర్తుంచుకోండి.

చాట్‌లో నేను ఇంకో పొరపాటు చేశాను. కుడి చెవి సంగతితో ఆపకుండా, "ల్యాప్‌టాప్‌లో మీటింగ్ మొదలవగానే సౌండ్ పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌లా అయిపోతోంది" అని కూడా రాశాను. అది అసలు కంప్లైంటే కాదని తర్వాత తెలిసింది. పాటలు వినేటప్పుడు బ్లూటూత్ ఒక పద్ధతిలో నడుస్తుంది, దాన్ని ఏ2డీపీ అంటారు. మైక్ ఆన్ అవగానే అది ఆగిపోయి, కాల్స్ కోసం ఉన్న హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతిలోకి మారుతుంది. పాటకి మామూలుగా సెకనుకి 44,100 శాంపిల్స్ (శబ్దాన్ని కొలిచి పంపే ముక్కలు) వెళ్తుంటే, ఆ రెండో పద్ధతిలో ఎక్కువగా 8,000 లేదా 16,000. స్టీరియో ఉండదు, గొంతు డొల్లగా వినిపిస్తుంది. బ్లూటూత్‌లోనే ఎల్ఈ ఆడియో అని కొత్త పద్ధతి వచ్చింది, అటూ ఇటూ రెండు పరికరాల్లోనూ ఉంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. లేకపోతే మీటింగ్‌లో ల్యాప్‌టాప్ మైకే ఎంచుకుని, హెడ్‌ఫోన్స్‌ని వినడానికి మాత్రం వాడుకోవడం మేలు. ఇదంతా నాకు ఆరోజు తెలియదు. వాళ్లకి తెలుసు. తెలిసి, దాన్ని నా మీదకే తిప్పారు.

"మేడం, మీరు చెప్పేది సెట్టింగ్స్ సమస్య. కుడి వైపు కూడా అదే అయ్యుంటుంది. ఇంట్లో ఇవి తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ఫోన్ వాళ్లకి ఇస్తారా?"

ఇంట్లో అందరి రౌటర్లూ, ప్రింటర్లూ, టీవీలూ కుదిర్చేది నేనే తమ్ముడూ. అయినా పోనీలే అని ఊరుకున్నాను. ఊరుకోవడం నా మూడో తప్పు, లెక్క పెట్టుకుంటున్నారా?

"ముందు హెడ్‌ఫోన్స్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేసి, 48 గంటలు గమనించండి" అన్నారు. చేశాను. రెండు బటన్లు పది సెకన్లు పట్టుకుంటే లైటు నాలుగుసార్లు కొట్టుకుని ఆరిపోయింది. ఆ ఆరిపోవడంతోపాటు ఏం పోయిందో అప్పుడు నాకు తట్టలేదు.

48 గంటలయ్యాయి, కుడి చెవి అలాగే ఉంది. "ఫోన్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేసి, ఇంకో 48 గంటలు చూడండి" అన్నారు. అదీ చేశాను. నాది ఆండ్రాయిడ్, అందులో సేవ్ అయిన వైఫై పాస్‌వర్డ్‌లన్నీ ఎగిరిపోయాయి, పెయిర్ చేసుకున్న వాచీ, కారు అన్నీ పోయాయి. పోయిన పాస్‌వర్డ్‌ల కోసం ఒక సాయంత్రమంతా పోయింది. కుడి చెవి మాత్రం చెక్కుచెదరకుండా అలాగే ఉంది.

ఆ తర్వాత "వైఫై వల్ల ఇంటర్‌ఫియరెన్స్ మేడం. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసి, రౌటర్‌కి దూరంగా మూడు రోజులు వాడి చూడండి." (ఫర్మ్‌వేర్ అంటే హెడ్‌ఫోన్స్ లోపలి సాఫ్ట్‌వేర్.) బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద, వైఫై కూడా చాలాసార్లు అక్కడే, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే అల్లరి చేస్తుంది, నిజమే. అందుకే గదా బ్లూటూత్ 79 ఛానళ్ల మధ్య సెకనుకి 1,600 సార్లు గెంతుతుంది. వైఫైతో కిక్కిరిసిన ఛానళ్లని గుర్తుపట్టి పక్కకి తప్పుకునే తెలివి 2003లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచే ఉంది. సరే, అయినా సిగ్నల్ తెగిందనుకుందాం. ఇలాంటి పెద్ద హెడ్‌ఫోన్స్‌లో సిగ్నల్ అందుకునేది ఒక్క చోటే. తెగితే రెండు చెవులూ కలిసి తెగాలి. రోజూ కుడి చెవిని మాత్రమే ఏరి కొట్టే వైఫై ఎక్కడుంది?

ఇది మూడో రోజే తట్టాల్సిన ప్రశ్న. పదో రోజు రాత్రి తట్టింది. డబ్బాలో వచ్చిన వైరు తీసి ల్యాప్‌టాప్‌కి గుచ్చాను. ఫోన్లో బ్లూటూత్ ఆఫ్, ల్యాప్‌టాప్‌లో ఆఫ్, హెడ్‌ఫోన్స్ పవరే ఆఫ్. పాట పెట్టి, కుడి వైపు మడత దగ్గర కొంచెం వంచాను. సౌండ్ పోయింది. వెనక్కి తిప్పాను. వచ్చింది. వంచాను, పోయింది. వైరు గుచ్చేది ఎడమ కప్పులో, అక్కణ్నుంచి కుడి కప్పుకి సౌండ్ వెళ్లేది నెత్తి మీది బ్యాండ్‌లో ఉన్న సన్నటి తీగల ద్వారా. ఎవరో నెలల తరబడి మడిచి విప్పి, మడిచి విప్పి, ఆ మడత దగ్గర తీగ తెంపేశారు. ఇది బ్లూటూత్ గొడవే కాదు. ఎప్పుడూ కాదు. వారం రోజులు వాళ్లు నాతో జబ్బు లేనిచోట వైద్యం చేయించారు.

డెన్మార్క్, నార్వేలని కలిపిన 10వ శతాబ్దపు రాజు హెరాల్డ్ బ్లూటూత్ పేరు దీనికి పెట్టారట. మహానుభావుడు రెండు దేశాలని కలిపాడు గానీ, తెగిన తీగ ఉన్న నా రెండు చెవుల్ని కలపడం ఆయన తాత వల్ల కూడా కాదు.

అదే రాత్రి వీడియో తీసి చాట్‌లో పెట్టాను. "మా సీనియర్ టీమ్ 24 గంటల్లో కాల్ చేస్తుంది" అన్నారు. చేశారు. ఇందాక, అంటే పదకొండో రోజు.

"మేడం, మీ రిటర్న్ గడువు నిన్నటితో ముగిసింది."

"నేను మూడో రోజే కంప్లైంట్ ఇచ్చాను కదండీ?"

"అది టెక్నికల్ సపోర్ట్ టికెట్ మేడం. రిటర్న్ రిక్వెస్ట్ కాదు."

చదివారా? ఇంకోసారి చదవండి. వాళ్లు చెప్పిన 48 గంటలు, ఇంకో 48 గంటలు, ఆ పైన మూడు రోజులు, అన్నీ నా గడువులోంచే కోశారు. ఒక్కరంటే ఒక్కరు "ముందు రిటర్న్ కూడా పెట్టుకోండి" అనలేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఆ లిస్టు. "ఇది కొత్తది కాదు, ఎవరో వాడి వెనక్కి ఇచ్చింది. మొదటి రోజు యాప్‌లో వేరేవాళ్ల ఫోనూ, టీవీ కనపడ్డాయి" అన్నాను. నా గొంతులో గెలిచేశానన్న ధీమా.

అతను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "స్క్రీన్‌షాట్ పంపగలరా మేడం?"

యాప్ తెరిచాను. లిస్టులో నా ఫోన్ ఒక్కటే ఉంది.

ఫోన్లో 'ఫర్గెట్' నొక్కితే పోయేది ఫోన్ జ్ఞాపకం మాత్రమే. పెయిర్ అయినప్పుడు రెండు వైపులా ఒక తాళంచెవి లాంటిది దాచుకుంటాయి. హెడ్‌ఫోన్స్ దాచుకున్నది హెడ్‌ఫోన్స్‌లోనే ఉంటుంది. దాన్ని తుడిచేది ఫ్యాక్టరీ రీసెట్. అంటే వాళ్లు మొట్టమొదట నాతో చేయించిన పనే. పాత మనిషి ఆనవాళ్లన్నీ నా రెండు వేళ్లతో, పది సెకన్లు గట్టిగా నొక్కి పట్టుకుని నేనే తుడిచిపెట్టాను. దొంగ ఇల్లు దోచుకుని వెళ్తూ, "అమ్మా, కాస్త గడప కడిగేయండి, అడుగులు పడ్డాయి" అంటే కడిగిచ్చినట్టు.

"మీరే కదా రీసెట్ చేయమన్నది!" అన్నాను.

"రీసెట్ అనేది కస్టమర్ చేసే ప్రాసెస్ మేడం. మీ డివైజ్‌ని మేము ముట్టుకోలేదు."

నేను ఇంకేదో అనబోతుంటే, చాలా మర్యాదగా, చక్కెర పూసినట్టు అడిగాడు: "మీ ఇంట్లోవాళ్లే ఎవరైనా టీవీకి కనెక్ట్ చేసుకుని ఉంటారేమో, ఒకసారి కనుక్కుంటారా మేడం?"

అరిచాను. అరవకూడదనుకుంటూనే అరిచాను. "మీరు గొంతు పెంచితే కాల్ ముగించాల్సి వస్తుంది" అని, నిజంగానే ముగించాడు. పెంచిన గొంతు వినడానికి వాళ్లకి రెండు చెవులూ పనిచేస్తున్నాయి, అదృష్టవంతులు.

నన్ను నేను తిట్టుకోవడం అయ్యాక కొంచెం పనికొచ్చే మాట. డబ్బా విప్పేటప్పుడే వీడియో తీయండి. యాప్‌లో ఆ పాత పరికరాల లిస్టు ఉంటే, ఏదీ ముట్టుకోకముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. సమస్య వస్తే ఇంకో ఫోన్‌తో ఒకసారి, వైరు పెట్టే వీలుంటే వైరుతో ఒకసారి చూడండి, పది నిమిషాల్లో బ్లూటూత్ తప్పో వస్తువు తప్పో తేలిపోతుంది. ఊరికే కనెక్ట్ అవ్వకపోతే మాత్రం ఇంత రాద్ధాంతం అక్కర్లేదు, పక్క గదిలో తెరిచి ఉన్న ల్యాప్‌టాప్ ముందే పట్టేసుకుని ఉంటుంది, దాని బ్లూటూత్ ఆపండి, కుదరకపోతే రెండు వైపులా తీసేసి మళ్లీ పెయిర్ చేయండి. అన్నిటికంటే ముందు రిటర్న్ బటన్ నొక్కండి. వాళ్ల "గమనించండి"లు ఆ తర్వాత.

ఇది రాస్తూ మధ్యలో ఆపి, కప్పు లోపల కుషన్ కింద ఉన్న సీరియల్ నంబర్ని తయారీ కంపెనీ సైట్‌లో కొట్టి చూశాను. వారంటీ మొదలైన తేదీ చూపిస్తోంది. నేను కొనడానికి నాలుగు నెలల ముందు. దీన్ని మాత్రం ఏ రెండు బటన్లు పట్టుకుని తుడవమంటారో చూడాలి.

స్క్రీన్‌షాట్ తీశాను. మూడు తీశాను.