గౌను వద్దు, స్టేస్ కొనండి: రీజెన్సీ సెట్టు వేసుకుని బాత్ వెళ్లొచ్చాక

ముందే చెప్పేస్తున్నా, ఇది పెళ్లి రిసెప్షన్‌కి వేసుకునే గౌను గురించి కాదు. ఇంగ్లండ్‌లో రెండు వందల ఏళ్ల కిందటి బట్టలు కట్టుకుని, అప్పటి డాన్సులు నేర్చుకుని, బారులు తీరి వీధుల్లో నడిచే పిచ్చి ఒకటుంది. అది నాకు పోయినేడాది పట్టింది. మూడో జార్జి రాజుకి మతి చలించి ఆయన కొడుకు రాజప్రతినిధిగా ఏలిన కాలాన్ని, అంటే 1811 నుంచి 1820 దాకా, రీజెన్సీ అంటారు. బట్టల విషయంలో మాత్రం ఈ పిచ్చివాళ్లు దాన్ని వెనక్కి సాగదీసి 1795 దగ్గర్నుంచే లెక్కేస్తారు, ఎందుకంటే రొమ్ముల కిందే నడుము పెట్టి కుట్టే ఫ్యాషన్ అప్పటికే వచ్చేసింది.

బాత్ ఊళ్లో ఏటా సెప్టెంబరులో ఆ కాలపు నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్ పేరుతో పది రోజుల ఉత్సవం జరుగుతుంది. ఆవిడ 1801 నుంచి 1806 దాకా ఆ ఊళ్లోనే ఉంది. అందులో ఒక శనివారం వందల మంది ఆ కాలపు వేషాలతో ఊరంతా ఊరేగుతారు. మేముండేది రెడింగ్‌లో, రైలెక్కితే గంట. వెళ్లాలంటే బట్టలుండాలి కదా, ఆన్‌లైన్‌లో ఒక దుకాణం నుంచి 165 పౌండ్లకి సెట్టు తెప్పించా. లోపల వేసుకునే షిఫ్ట్, దాని మీద స్టేస్ (అప్పటి కార్సెట్, బొందుతో బిగించి కట్టే రవికలాంటిది), పైన గౌను. దుకాణం పేరు రాయను. గొడవపడితే సగం డబ్బు వెనక్కిచ్చారు, అక్కడికి చెల్లు.

గౌనుతో మొదలుపెడతా, ఎందుకంటే కోపం అంతా దాని మీదే. "అచ్చం ఆనాటిదే" అని రాశారు, ఫొటోలో తెల్లటి మస్లిన్‌లా, అంటే సన్నటి నూలు బట్టలా, మెరిసింది. డబ్బా తెరిస్తే పాలిస్టర్. చేత్తో పట్టుకోగానే చిటపటమంది, కాళ్లకి అంటుకుపోయింది. వీపు మీద పై నుంచి కింద దాకా జిప్పు! జిప్పులు జనం బట్టల్లోకి వచ్చింది 20వ శతాబ్దంలో, అప్పట్లో గౌను ముయ్యడానికి బొందులు, హుక్కులు, దారంతో అల్లిన గుండీలు, గుండుసూదులు, అంతే. సరే, శాలువా కప్పితే జిప్పు కనబడదులే అనుకున్నా. కానీ చేతుల కుట్టు దగ్గర దొరికిపోయా. ఆ కాలపు గౌనుకి వీపు భాగం చాలా సన్నంగా, డైమండ్ ఆకారంలో ఉంటుంది, చేతులు బాగా వెనక్కి జరిపి కుడతారు. అందుకే వేసుకున్నవాళ్ల భుజాలు వాటంతట అవే వెనక్కి వెళ్లి నిటారుగా నిలబడతారు. నాకొచ్చిన దానికి చేతులు నైటీకి కుట్టినట్టు భుజం చివర కుట్టి పడేశారు. వరసలో నా వెనక నించున్న ఒక పెద్దావిడ, ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తోందట, నా చంక కుట్టు మీద వేలు పెట్టి "ఇది కొన్నది కదమ్మా?" అన్నట్టు నవ్వింది. ఏమీ అనలేదు, అనకపోవడమే ఎక్కువ సిగ్గేసింది.

షిఫ్ట్ పరవాలేదు. లినెన్ అన్నారు, లినెనే. ఉతికాక కాస్త కుంచించుకుపోయింది, కొంచెం పొడుగు సైజు తీసుకోండి. అంతకుమించి చెప్పడానికేం లేదు.

స్టేస్ మాత్రం బంగారం. కార్సెట్ అనగానే అందరూ నడుము నొక్కి ఊపిరాడకుండా చేసేది అనుకుంటారు, అది తర్వాత వచ్చిన విక్టోరియా కాలపు గోల. రీజెన్సీ స్టేస్‌కి నడుముతో పనే లేదు, రొమ్ములని పైకెత్తి విడివిడిగా నిలబెట్టడం దాని పని. బట్ట పొరల మధ్య దారం తాళ్లు పెట్టి కుట్టిన గీతలతో గట్టిగా ఉంటుంది, మధ్యలో నిలువుగా చెక్క బద్ద ఒకటి దూర్చాలి, దాన్ని బస్క్ అంటారు. వెనక ఒకే బొందుతో మెలికలు తిప్పుతూ పై దాకా లాగి కట్టాలి. పొద్దున్న ఆరింటికి మా ఆయన చేత కట్టిస్తే, "ఏంటే ఇది, నవారు మంచం అల్లుతున్నట్టుంది" అన్నాడు. అన్నా గానీ మూడో ప్రయత్నానికి సరిగ్గా కట్టాడు. అది బిగించాక తేడా అద్దంలో చూసి నాకే నోట మాట రాలేదు, ఆ పాలిస్టర్ గౌను కూడా కాస్త మనిషి కట్టుకున్న గుడ్డలా కనిపించింది. తప్పొకటుంది, బొందు రంధ్రాలకి ఐలెట్లు, అంటే లోహపు రింగులు, కొట్టారు. అవి 1820ల్లో గానీ రాలేదు, అంతకుముందు చేత్తో కాజాలు కుట్టినట్టు చుట్టూ దారం తిప్పేవాళ్లు. లోపలుండేదే కాబట్టి క్షమించేశా.

ఊరేగింపు రోజు సంగతి. బాత్ ఊరు పాలమీగడ రంగు రాయితో కట్టిన ఊరు, అందంగా ఉంటుంది, కానీ అంతా ఎత్తుపల్లాలే. గే స్ట్రీట్ ఎక్కుతుంటే పల్చటి అట్ట అడుగులున్న బూట్లలో ప్రతి రాయీ లెక్కపెట్టుకున్నా. మధ్యలో వాన. పాలిస్టర్‌కి వచ్చిన ఒకే ఒక లాభం, పావుగంటలో ఆరిపోయింది. పక్కన అసలు మస్లిన్ కట్టుకున్నవాళ్లు తడిసి వణుకుతుంటే నేను కులాసాగా నడిచా, కానీ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇంకో తమాషా. ఛాతీ దగ్గర మడత విప్పి మూసే రకం గౌన్లకి గుండుసూదులే దిక్కు, ఎందుకంటే పిన్నీసు పేటెంటు 1849లో. చీర కుచ్చిళ్లకి ఆరు పిన్నీసులు గుచ్చే మనకి ఇది పెద్ద టెన్షన్. ఆ పెద్దావిడే నేర్పింది, సూదిని బట్టలోకి రెండు సార్లు దూర్చి మొనని మళ్లీ బట్ట పొరలోనే దాచెయ్యాలి. సాయంత్రం దాకా కదల్లేదు.

అప్పట్లో ఇక్కడ ఇండియా వాళ్లున్నారా అని ఇద్దరు ముగ్గురు మర్యాదగానే అడిగారు. పాట్నా నుంచి వచ్చిన సేక్ డీన్ మహమ్మద్ 1810లో లండన్‌లో మన వంటల హోటల్ పెట్టాడని, తర్వాత బ్రైటన్‌లో స్నానాల దుకాణం నడిపి రాజుకే ఒళ్లు మర్దనా చేశాడని చెప్పా. అయినా మనుషుల దాకా ఎందుకు, వాళ్ల శాలువాల మీదున్నది మన మామిడి పిందె కాదా? కాశ్మీరు శాలువాలని చూసి స్కాట్లండ్‌లోని పైస్లీ ఊళ్లో నకళ్లు నేశారు, ఇప్పుడా డిజైనుకే ఆ ఊరి పేరు. మన బందరులో ఈస్టిండియా కంపెనీ 1611లోనే కొట్టు పెట్టింది. అక్కడి అద్దకం బట్టలూ, మిగతా ఇండియా అద్దకాలూ ఎంతగా కొనేవాళ్లంటే ఇంగ్లండ్ నేతగాళ్లు గోల చేసి 1721లో నూలు అద్దకం బట్టల మీద నిషేధం తెప్పించుకున్నారు, అది 1774 దాకా నడిచింది. రీజెన్సీ నాటికి వాళ్లకే మిల్లులు వచ్చేసి కథ తిరగబడిందనుకోండి.

అది తలుచుకున్నాకే బుర్ర వెలిగింది. ఈసారి గౌను కొనడం లేదు. అమ్మ శ్రీకాకుళం నుంచి పొందూరు ఖద్దరు పంపింది, వాలుగ చేప దవడతో పత్తి దువ్వి తీసిన సన్న నూలు. ఆ కాలపు మస్లిన్‌తో పోలిస్తే కాస్త దట్టమేమో గానీ, కుచ్చు పోస్తే జారే తీరు చూసి ఆ పెద్దావిడ ఫొటో అడిగింది. ప్యాటర్న్ కాగితం కొని చేత్తో కుడుతున్నా, ఇప్పటికి ఒక చెయ్యి, వీపు అయ్యాయి.

మార్కులంటారా, స్టేస్‌కి 5కి 4, షిఫ్ట్‌కి 3, గౌనుకి 1, ఆ ఒకటి కూడా వానకి. విడిగా అమ్మితే స్టేస్ ఒక్కటే తీసుకోండి. కొనే ముందు బస్క్ ఎన్ని అంగుళాలో తప్పకుండా అడగండి. నాది రెండు అంగుళాలు ఎక్కువై రైల్లో కూర్చున్నప్పుడల్లా పొట్టలో పొడిచింది, తిరుగు ప్రయాణంలో గంటసేపూ నించునే వచ్చా. మర్నాడు మా ఆయన గార్డెన్ షెడ్డులో రంపంతో కోసి, ఉప్పుకాగితంతో మొన గుండ్రంగా రుద్ది ఇచ్చాడు. ఇప్పుడు వంగి బూట్ల బొందులు కూడా కట్టుకోగలుగుతున్నా.