పైకప్పు మడిచే కారుతో ఒంగోలులో పదేళ్లు

ఊళ్లో అందరూ దీన్ని వింటేజ్ కారు అంటారు. కాదు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటితేనే వింటేజ్, నంబరులో ‘వీఏ’ అక్షరాలు వచ్చేది అప్పుడే. నాది 1999 నాటి జర్మన్ కారు. వయసు అంత లేదు గానీ జబ్బులు మాత్రం ముసలివే. కంపెనీ పేరు రాయడం లేదు. పాతికేళ్ల ఎండకి రబ్బరు గట్టిపడితే చేసినవాణ్ణి తిట్టడం న్యాయం కాదు కదా.

2015లో చెన్నైలో కొన్నాను. ఎన్‌ఓసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు, 15 ఏళ్లు నిండాయి కాబట్టి అయిదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్. ఆ తిరుగుడు అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. ఉన్నవి రెండే సీట్లు. ఇంటికి తెచ్చిన రోజు మా అమ్మ చుట్టూ తిరిగి చూసి, “కప్పున్న కారు కొని, ఆ కప్పు తీసేసుకుని ఎండలో తిరగడమేందిరా?” అంది. పదేళ్లయినా దానికి సరైన జవాబు దొరకలేదు.

స్విచ్ నొక్కితే ముందు కిటికీ అద్దాలు కాస్త దిగుతాయి. డిక్కీ మూత మామూలుగా కాకుండా వెనక్కి తెరుచుకుంటుంది. ముందు అద్దం పైనున్న కొక్కెం వదలగానే కప్పు లేచి, నడుం దగ్గర రెండుగా మడిచుకుని డిక్కీలో పడుకుంటుంది. పైన మూత పడుతుంది. అన్నీ బాగుంటే నా వాచీలో 25 సెకన్లు. ఇలాంటి కప్పుకి రూపం ఇచ్చింది ఫ్రాన్సులో ఒక పళ్ల డాక్టరు, పేరు జార్జ్ పోలాన్. ఆయన ఆలోచనతోనే 1934లో పెజో కంపెనీ మడిచే ఇనప కప్పుతో కారు తెచ్చింది. డిక్కీ నోరు తెరిచి కప్పుని మింగడం చూస్తే, ఇది పళ్ల డాక్టరుకి కాక ఇంకెవరికి తడుతుంది అనిపిస్తుంది.

ఇంజిన్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. పాతది, గట్టిది. బెల్టులు, హోసులు, రేడియేటరు మార్చాను. ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వచ్చాక పెట్రోల్ పైపులు కూడా మార్పించాను. ఈ కారు కొనేవాళ్లు ఇంజిన్ చప్పుడు వింటూ కూర్చుంటారు. వినాల్సింది, సిలిండర్లలోకి నూనె తోసి కప్పుని కదిలించే డిక్కీలోని పంపు చప్పుడు. కొనేది కప్పుని, ఇంజిన్ దాంతోపాటు వస్తుంది, అంతే.

నాకు ఈ సంగతి 2018 మే నెలలో, పెళ్లికి వెళ్తుంటే తెలిసింది. సిగ్నల్ దగ్గర ఆగితే నుదుటి మీద ఏదో చుక్క పడింది. చెమట అనుకుని తుడుచుకున్నాను. రెండో చుక్క తెల్ల చొక్కా మీద పడ్డాక చూస్తే, నూనె. కొక్కేన్ని నడిపే చిన్న హైడ్రాలిక్ సిలిండర్ సరిగ్గా తల పైనే ఉంటుంది. నూనె బయటికి రాకుండా ఆపే దాని సీలు పోయింది. సిటీలో ఒక వర్క్‌షాపుకి ఫోన్ చేస్తే, సీలు విడిగా రాదు, సిలిండర్ మొత్తం మార్చాలి, మిగతా నాలుగూ కూడా మార్చేయడం మంచిది అన్నారు. వాళ్లు చెప్పిన ధరకి ఇంకో పాత కారు వస్తుంది.

అప్పుడు నా క్వారీ మిత్రుడు చీమకుర్తికి తీసుకెళ్లాడు. అక్కడ గ్రానైట్ క్వారీల్లో పొక్లెయిన్లు రోజంతా పనిచేస్తాయి కాబట్టి సిలిండర్లు బాగుచేసే చిన్న షాపులున్నాయి. ఒక భాయ్ నా సిలిండర్‌ని అరచేతిలో పెట్టుకుని, “ఇది పొక్లెయిన్‌కి మనవడు సార్” అన్నాడు. వెర్నియర్‌తో రాడ్డు కొలిచి సీలు వేశాడు. వారానికే మళ్లీ కారింది. ఆయనే పిలిచి, కొలతలో పిసరంత తేడా ఉందని విప్పి, లేత్ మీద కొత్త సీలు తీయించి వేశాడు, రెండోసారి డబ్బులు తీసుకోలేదు. అది ఈ రోజుకీ చెమర్చలేదు. తర్వాత మిగతా నాలుగు సిలిండర్లూ ఒక్కొక్కటే ఆయన దగ్గరే చేయించాను. అన్నిటికీ కలిపి నాకైన ఖర్చు పదివేల లోపే. ఈ కార్లకి చీమకుర్తిని మించిన సర్వీస్ సెంటర్ నాకైతే కనబడలేదు.

నూనె కారితే కంటికి కనిపిస్తుంది. వైరు తెగితే కనిపించదు. ఒక డిసెంబరు సాయంత్రం కొత్తపట్నం బీచ్ నుంచి వస్తున్నాం. జల్లు మొదలైందని కారు ఆపి స్విచ్ నొక్కాను. డిక్కీ లేచింది, కప్పు సగం దాకా వచ్చి ఆకాశంలో ఆగిపోయింది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు. నేనూ మా ఆవిడా తడుస్తూ నిలబడ్డాం. పక్కనే రొయ్యల చెరువు కాపలా కుర్రాడు టార్పాలిన్ తెచ్చి కప్పి, “అన్నా, ఇది లారీ కాదు గదా, టిప్పర్ లాగా లేపావేంది?” అన్నాడు. మా ఆవిడ నవ్వింది, నాకు నవ్వు రాలేదు. మర్నాడు మల్టీమీటర్ పెట్టి వెతికితే, డిక్కీ మూత కీలు దగ్గర పైన తొడుగు బాగానే ఉంది, లోపల రాగి తీగ తెగింది. పదేపదే వంగేచోట అంతే. 1957 నుంచి 1959 దాకా ఫోర్డ్ తెచ్చిన మడిచే కప్పు కారు స్కైలైనర్‌లో హైడ్రాలిక్స్ లేవు, అంతా మోటార్లూ, కప్పు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే లిమిట్ స్విచ్‌లే. కప్పుకే 600 అడుగుల పైచిలుకు వైరు. ఇప్పుడు వాటిని బాగుచేసుకుంటున్న వాళ్లకి నా దణ్ణం.

మరోసారి అసలు కదలనే లేదు. రెండు రోజులు ఫ్యూజులన్నీ పీకి చూశాను. చివరికి డిక్కీలో సామాను మీద లాగే తెర కొక్కేనికి తగిలించలేదు, అంతే. తెర లాగి ఉంటేనే కప్పు దిగుతుంది. సామాను నలగకుండా పెట్టిన ఏర్పాటు అది.

నీళ్ల సంగతి చెప్పాలి. కప్పు అంచు నుంచి వాన నీళ్లు దిగడానికి సన్న గొట్టాలుంటాయి. ఉగాదికి ముందు వేపపూత రాలి వాటిలో చేరుతుంది. పైన చూస్తే ఏమీ కనబడదు, తర్వాత తొలి వానకి డిక్కీ చెరువు. ఏటా వైశాఖంలో సైకిల్ బ్రేకు కేబుల్ పెట్టి పొడుస్తాను. కొత్తపట్నం వెళ్లొస్తే ఆ గాడుల్ని మంచినీళ్లతో కడగడం తప్పదు, ఉప్పుగాలి అక్కడే తుప్పు మొదలుపెడుతుంది. కప్పు అంచుల రబ్బరు బీడింగ్ మాత్రం లోకల్‌ది వేయకండి. నేను ఒకసారి కక్కుర్తి పడ్డాను. హైవే మీద ఎనభై దాటితే ఈల వేసేది, వానకి భుజం తడిసేది. చివరికి ఒరిజినల్ తెప్పించాక గానీ శాంతి దొరకలేదు.

ఇంతా చేసి కప్పు తీసి తిరిగేది ఎంత అంటే, తుపాన్లు వెళ్లాక డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అదీ పొద్దున్నే ఎనిమిది లోపు. మార్చిలో నల్ల సీటు మీద కూర్చోవాలంటే తువ్వాలు కావాలి. రోహిణి కార్తెలో కారు షెడ్డు దాటదు. కప్పు డిక్కీలో ఉంటే రెండు చేతి సంచులకి మించి పట్టవు. ఇంట్లో ఇంకో కారు లేనివాళ్లు దీని జోలికి పోవద్దు. ఉండి, పక్కన హైడ్రాలిక్స్ తెలిసిన మనిషి ఉంటే కొనండి. జనవరి పొద్దున మంచులో సరుగుడు తోటల పక్కన కప్పు తీసి నలభైలో వెళ్తుంటే మా అమ్మకి చెప్పాల్సిన జవాబు తెలిసినట్టే ఉంటుంది. ఇంటికొచ్చేసరికి మర్చిపోతాను.

మొన్న డిక్కీ ఎడమ సిలిండర్ మళ్లీ చెమర్చింది. ఆదివారం చీమకుర్తి వెళ్లాలి.