చదువుతూనే కార్డులు ఏరుకోవడం: నాలుగేళ్ల ఆంకీ వాడకం తర్వాత

ఆంకీ అంటే మనం రాసుకున్న ప్రశ్న-జవాబు కార్డులను మర్చిపోకుండా కొన్ని రోజులకోసారి మళ్లీ అడిగే (రివ్యూ చేయించే) యాప్. మొదటి ఏడాదిలోనే దాన్ని రెండుసార్లు వదిలేశాను. రివ్యూలు కష్టమై కాదు, కార్డులు రాయలేక. మంచి విషయం కనబడగానే చదవడం ఆపి, యాప్ తెరిచి, ప్రశ్న టైప్ చేసి తిరిగొచ్చేసరికి వ్యాసంలో ఎక్కడున్నానో మర్చిపోయేవాణ్ణి.

ఇప్పుడు చదివేటప్పుడు కార్డు రాయను, ఏరి పక్కన పెడతానంతే. ఫోన్‌లో వాక్యాన్ని సెలెక్ట్ చేసి ఆంకీడ్రాయిడ్‌కి (ఆంకీ ఆండ్రాయిడ్ యాప్) షేర్ చేస్తే కొత్త కార్డు పేజీలో అది సిద్ధంగా ఉంటుంది. దాన్ని ‘చిత్తు’ అనే డెక్‌లో (కార్డుల కట్టలో) సేవ్ చేసి మళ్లీ చదువులో పడతాను. ఆ డెక్‌కి రోజువారీ కొత్త కార్డుల పరిమితి సున్నా పెట్టాను కాబట్టి అవి రివ్యూలో అడ్డురావు. అచ్చు పుస్తకమైతే అంచున పెన్సిల్ చుక్క చాలు.

రాత్రి ఓ పావుగంట ఆ చిత్తు ముందు కూర్చుంటాను. సగానికి సగం తీసేస్తాను. పొద్దున అబ్బురంగా తోచింది రాత్రికి అక్కర్లేదనిపిస్తుంది, ఆ వడపోత చాలా ముఖ్యం. హైలైట్లన్నిటినీ తనంతట తానే కార్డులుగా మార్చే యాప్ ఒకటి కొన్నాళ్లు వాడాను. నెల తిరిగేసరికి వందల కార్డులు పోగయ్యాయి, ఒక్కటీ నాదిగా అనిపించలేదు. అన్నీ తుడిచేశాను.

పేర్లకు, సంవత్సరాలకు, అంకెలకు క్లోజ్ కార్డే, అంటే వాక్యంలో ఒక మాటను దాచి ఖాళీ పూరించమనే కార్డే హాయి. కంప్యూటర్‌లో మాటను సెలెక్ట్ చేసి కంట్రోల్, షిఫ్ట్, సి కలిపి నొక్కితే అది ఖాళీగా మారుతుంది. కారణాలకు మాత్రం దాన్ని నమ్మకండి. ‘పెన్సిలిన్ బ్యాక్టీరియా కణకవచం కట్టుకోకుండా అడ్డుపడుతుంది’ అనే వాక్యంలో ‘కణకవచం’ దాచాను. కొన్నాళ్లకు వాక్యం వాలు చూసే జవాబు చెప్పేస్తున్నాను, అర్థం బుర్రకెక్కలేదు. దాన్ని ‘వైరస్ వల్ల వచ్చే జలుబుకి పెన్సిలిన్ ఎందుకు పనిచేయదు?’ అని మార్చాక, వైరస్‌కి అసలు కణకవచమే లేదన్న సంగతి నాకు నేనే తట్టించుకోవాల్సి వచ్చింది. ఇక మర్చిపోలేదు.

రోజుకి 20 కొత్త కార్డులు అనే డిఫాల్ట్‌ని 8కి తగ్గించాను. రోజూ చదివేవాళ్లకు అంతకు మించితే రెండు వారాల్లో రివ్యూలు కుప్పపడి టెన్షన్ మొదలవుతుంది. 2023లో ఆంకీలోకి వచ్చిన ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ షెడ్యూలర్ (ఏ కార్డు మళ్లీ ఎప్పుడు రావాలో లెక్కగట్టే పద్ధతి) తప్పక ఆన్ చేసుకోండి. గుర్తుండాల్సిన శాతాన్ని 90 దగ్గరే ఉంచండి. 95కి పెంచి చూశాను, రోజువారీ పని బాగా పెరిగింది.

ఆంకీ కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం. ఐఫోన్ యాప్‌ కొనుక్కోవాలి.

నాకు అన్నిటికంటే ఉపయోగపడింది ‘లీచ్’ గుర్తు. ఒక కార్డు 8 సార్లు తప్పితే ఆంకీ దానికి ఆ గుర్తు తగిలిస్తుంది, సెట్టింగ్‌ని బట్టి పక్కన కూడా పెట్టేస్తుంది. మొదట్లో నా జ్ఞాపకశక్తినే అనుమానించేవాణ్ణి. తెరిచి చూస్తే దాదాపు ప్రతిసారీ ఒకే కార్డులో రెండు ప్రశ్నలు ఇరుక్కుని ఉండేవి. వాటిని విడదీసి రాస్తే చాలు, మళ్లీ దారిలో పడేవి.