పీఆర్‌సీ-77తో తొమ్మిదేళ్లు: పెట్టె రాయి, వైర్లే ఏడిపించాయి

పీఆర్‌సీ-77 అనే పాత అమెరికా ఆర్మీ వీపు రేడియో నా దగ్గరికి వచ్చి ఈ అక్టోబరుకి తొమ్మిదేళ్లు. దీని మీద కనిపించే వీడియోలు చాలావరకు కొన్న వారంలో తీసినవే. పెట్టె తెరవడం, ఆన్ చేయడం, అబ్బో ఎంత బరువో అనడం, అంతే. నేను దీన్ని మోశాను, చలికి గడ్డకట్టించాను, నీళ్లలో ముంచాను (కావాలని కాదు), ఒకసారి కింద కూడా పడేశాను. అవన్నీ అయ్యాక రాస్తున్న సమీక్ష ఇది.

నా పక్షపాతం ముందే చెప్పేస్తాను. హైదరాబాద్‌లో కుషాయిగూడ వైపు ఒక టెస్ట్ ల్యాబ్‌లో పదకొండేళ్లు పనిచేశాను. సైన్యానికి వెళ్లే సెట్లను చాంబర్లో పెట్టి ఉడికించడం, గడ్డకట్టించడం, షేకర్ మీద బిగించి ఊపడం, వాన కొట్టించడం, దుమ్ము కొట్టించడం మా పని. మన త్రివిధ దళాలకీ ఉమ్మడిగా జేఎస్‌ఎస్ 55555 అని ఒక స్పెసిఫికేషన్ ఉంటుంది, ఎలక్ట్రానిక్ పరికరాలు ఎండకీ చలికీ తేమకీ కుదుపులకీ ఎలా తట్టుకోవాలో, దాన్ని ఎలా పరీక్షించాలో అందులో రాసి ఉంటుంది. మేం అయిదు అయిదులు అనేవాళ్లం. తర్వాత అమెరికాలో మిన్నెసోటా వచ్చి మెడికల్ పరికరాల కంపెనీలో చేరాను. హామ్ లైసెన్స్ (సరదాకి రేడియోలో మాట్లాడుకునే అనుమతి) ఉంది కాబట్టి ఖాళీ దొరికితే రేడియో. అంటే ఏ రేడియో చేతికిచ్చినా దాని స్పీకర్ వినకముందే రబ్బరు గాస్కెట్ (నీళ్లు చొరకుండా మూత చుట్టూ ఉండే పట్టీ) నొక్కి చూసే రకం మనిషిని. మా ఆవిడ అయితే "ఏమండీ, పెళ్లిచూపుల్లో నన్ను కూడా ఇలాగే చూశారు" అంటుంది.

సెట్టు సంగతి. ఇది 1968లో వియత్నాం యుద్ధంలో వాడకంలోకి వచ్చింది. దీనికి ముందున్న పీఆర్‌సీ-25లో అన్నీ ట్రాన్సిస్టర్లే కానీ ట్రాన్స్‌మిటర్ చివర ఒక్క వాల్వ్ (పాతకాలం వాక్యూమ్ ట్యూబు) ఉండేది. దీంట్లో ఆ ఒక్కటీ తీసేశారు. బయటికి చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఒకేలా ఉంటాయి. 30 నుంచి 75.95 మెగాహెర్ట్జ్ దాకా 50 కిలోహెర్ట్జ్ అడుగులతో 920 చానళ్లు, ఎఫ్ఎం, పవర్ ఒకటిన్నర రెండు వాట్ల మధ్య. బ్యాటరీ లేకుండానే ఆరు కిలోల పైమాట. డిస్‌ప్లే లేదు, మెనూ లేదు, రెండు పెద్ద నాబ్‌లు తిప్పితే కిటికీలో అంకెలు మారతాయి. చీకట్లో గ్లౌజులు వేసుకుని కూడా క్లిక్కులు లెక్కపెట్టి చానల్ మార్చొచ్చు, నేను మార్చాను. 1980ల చివర్నుంచి దీని స్థానంలోకి సింక్‌గార్స్ రేడియోలు రావడంతో ఇవి సర్‌ప్లస్ మార్కెట్లోకి వచ్చాయి. నాది ఒక హామ్‌ఫెస్ట్‌లో, అంటే హామ్‌ల సంతలో, ఒక పెద్దాయన టేబుల్ మీద దొరికింది, 180 డాలర్లు, హ్యాండ్‌సెట్ విడిగా.

పనితీరు దగ్గరికి వద్దాం. దీనికి పక్కన ఒక బీఎన్‌సీ కనెక్టర్ ఉంది, బయటి యాంటెన్నా కోసం పెట్టింది, కొలవడానికి అదే దారి. నా దగ్గరున్న పాత సర్వీస్ మానిటర్‌కి (రేడియోల్ని కొలిచే పరికరం) కలిపి ఏటా ఒకసారి కొలిచి నోట్‌బుక్‌లో రాసుకుంటాను. మొదటి ఏడాది 14.4 వోల్టుల దగ్గర 1.7 వాట్లు వచ్చింది, తొమ్మిదో ఏడాది 1.6. రిసీవర్ సెన్సిటివిటీ (ఎంత నీరసమైన సిగ్నల్ వినగలదో) అర మైక్రోవోల్ట్ దగ్గరే ఉంది, కదల్లేదు. వింటున్నప్పుడు 60 మిల్లీ ఆంపియర్ల చుట్టూ తింటుంది, మాట్లాడుతున్నప్పుడు 800 దగ్గరికి వెళ్తుంది. అర్ధశతాబ్దం దాటిన డిజైన్‌కి ఇంకేం కావాలి?

కానీ హామ్‌గా వాడేవాళ్లకి రెండు మూడు తలనొప్పులున్నాయి, అవి ఎవరూ ముందు చెప్పరు. ఇక్కడ ఆరు మీటర్ల బ్యాండ్‌లో ఎఫ్ఎంకి అందరూ కలిసే ఫ్రీక్వెన్సీ 52.525 మెగాహెర్ట్జ్. ఇది 50 కిలోహెర్ట్జ్ అడుగులతో నడిచే సెట్టు కాబట్టి 52.50 వస్తుంది, 52.55 వస్తుంది, మధ్యలోది చచ్చినా రాదు. అందుకే పాత మిలిటరీ సెట్లవాళ్లు ఎక్కువగా 51.0 మీద కూడతారు. రెండోది, దీని డీవియేషన్ (గొంతుకి తగ్గట్టు ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఊగే మేర) పది కిలోహెర్ట్జ్ రకం, మామూలు హామ్ రేడియోలది అయిదు. వాళ్ల గొంతు మనకు నీరసంగా, మన గొంతు వాళ్లకు పగిలినట్టు వినిపిస్తుంది. ఇంకోటి, స్క్వెల్చ్‌లో (ఎవరూ మాట్లాడనప్పుడు బుసబుస శబ్దం రాకుండా మూసేసేది) పెడితే అవతలివాడు 150 హెర్ట్జ్ టోన్ పంపితే గానీ ఇది నోరు తెరవదు. కొత్త రేడియోల్లో చాలావాటిలో ఆ టోన్ ఉండదు, 151.4 పెడితే సరిపోతుంది. నేను ఈ సంగతి తెలియక మొదటి రెండు వారాలు సెట్టు చెడిపోయిందనుకున్నాను. పదకొండేళ్ల అనుభవం!

రేంజ్ అడుగుతారు కదా. మూడడుగుల టేపు యాంటెన్నాతో మా కాలనీ చుట్టూ నాలుగైదు కిలోమీటర్లు. పదడుగుల మడత యాంటెన్నాతో దానికి రెట్టింపు. డులూత్ కొండ మీద నిలబడి సుపీరియర్ సరస్సు మీదుగా మాట్లాడినప్పుడు ముప్ఫై దాటింది, అది కొండ గొప్పతనం, రేడియోది కాదు.

ఇప్పుడు అసలు విషయం, వాతావరణం. ముందు చలి. జనవరి ఆఖరి వారాంతంలో ఇక్కడ హామ్‌లు చలిలో టెంట్లు వేసుకుని రేడియో నడిపే పండగ ఒకటుంది, వింటర్ ఫీల్డ్ డే. ఒక ఏడాది పొద్దున్నే మైనస్ 27 డిగ్రీలు. సెట్టుని రాత్రంతా కారు డిక్కీలోనే వదిలేశాను. ల్యాబ్‌లో దీన్ని సోకింగ్ అంటాం, లోపలి ఇనుము కూడా చాంబర్ చలికి దిగేదాకా గంటల తరబడి ఉంచడం. పొద్దున ఆన్ చేశాను, వెంటనే పలికింది. నాబ్‌లు కాస్త బిగుసుకున్నాయి, లోపలి గ్రీజు గట్టిపడి ఉంటుంది. పవర్ 1.2 వాట్లకి పడింది, అది బ్యాటరీ నీరసం. పక్కన నా స్నేహితుడి కొత్త చేతి రేడియో స్క్రీన్ మీద అంకెలు నత్తల్లా కదులుతున్నాయి.

అయితే పావుగంట మాట్లాడాక నా గొంతు అవతలికి వెళ్లడం ఆగిపోయింది. రేడియో బాగానే ఉంది, హ్యాండ్‌సెట్ వైరు మాత్రం ఇనుప కడ్డీలా బిర్రబిగుసుకుంది. మైకు రంధ్రాల్లో నా ఊపిరి తేమ గడ్డకట్టి మంచు బిళ్ల అయింది. ఎన్నో సెట్లకి మైనస్ చాంబర్లో పరీక్ష చేసి సంతకాలు పెట్టినవాణ్ణి, ఈ సంగతి నాకెప్పుడూ తట్టలేదు, ఎందుకంటే చాంబర్లో ఊపిరి పీల్చే మనిషి ఉండడు. మేం బయట కూర్చుని, గోడలోని రంధ్రం గుండా కేబుల్ లాగి, సిగ్నల్ జనరేటర్‌తో టోన్ ఇచ్చి కొలిచేవాళ్లం. ఆ తర్వాత నుంచి మైకు మీద పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండ్ వేస్తున్నాను, మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు. ఇంకో సలహా, చలిలోంచి ఇంట్లోకి తెచ్చేటప్పుడు మూతి బిగించిన సంచిలో పెట్టి తెచ్చి రెండు మూడు గంటలు అలాగే వదిలేయండి, లేకపోతే ఇంటి వెచ్చటి గాలి తగిలి కనెక్టర్ల నిండా చెమట పడుతుంది.

ఇక నీళ్లు. నాలుగో ఏడాది జూలైలో మిన్నెసోటా ఉత్తరాన బౌండరీ వాటర్స్‌లో కనూ వేసుకుని తిరుగుతున్నాం. సెట్టు రెండు గంటలు ఎండలో కాలింది, ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. ఒడ్డు దగ్గర దిగబోతూ నేను కాలు ఎక్కడో వేశాను, పడవ ఒరిగింది, సెట్టు నడుంలోతు చల్లటి నీళ్లలోకి బుడుంగున దిగిపోయింది. రాసుకున్నట్టు జరిగిన పరీక్ష అది! అమెరికా వాళ్ల మిల్ స్టాండర్డ్ 810లో ముంపు పరీక్ష ఇలాగే ఉంటుంది, సెట్టుని నీళ్ల కంటే 27 డిగ్రీలు ఎక్కువ వేడి చేసి, మీటరు లోతులో అరగంట ఉంచుతారు. వేడిగా ఉన్న పెట్టె చల్లటి నీళ్లలో పడగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది, ఎక్కడ సందు దొరికితే అక్కడ నీళ్లు పీల్చుకుంటుంది. చల్లటి సెట్టుని చల్లటి నీళ్లలో ముంచి వాటర్‌ప్రూఫ్ అనడం అందుకే సగం పరీక్ష.

నిమిషంలో తీశాను. రేడియో భాగం తెరిచి చూస్తే పొడిగా, దుమ్ము కూడా కదలకుండా ఉంది. కింద బ్యాటరీ పెట్టెలో గ్లాసుడు నీళ్లు. రెండిటికీ విడివిడి గాస్కెట్లు. పైది బహుశా ఏ డిపోలోనో ఎప్పుడో మార్చారు, కిందిది మాత్రం ఎండి బిస్కెట్‌లా పగుళ్లు తేలింది. కొన్నరోజే నొక్కి చూశాను, గట్టిగా ఉందని తెలుసు, తర్వాత మారుద్దాంలే అనుకున్నాను. తప్పు నాదే. కానీ ఇక్కడ ఒక మాట చెప్పాలి. పరీక్షకి వచ్చే సెట్టు ఎప్పుడూ కొత్తది. కొత్త రబ్బరు, కొత్త స్క్రూలు. పదేళ్లు ముసలైన గాస్కెట్‌ని తెచ్చి ముంచమని మా ల్యాబ్‌కి ఎవరూ రాలేదు.

వరస కూడా ముఖ్యం. మా పాత సూపర్‌వైజర్ బంప్ టెస్ట్ అవ్వకుండా సీలింగ్ టెస్ట్‌కి చచ్చినా ఒప్పుకునేవాడు కాదు. కొండదారిలో లారీ కుదుపుల్లాంటి దెబ్బలు వందలకొద్దీ తిన్నాక స్క్రూ వదులైతే, ఆ వదులు నీళ్లలో పెట్టినప్పుడే బయటపడుతుంది. వరస తిరగేస్తే రెండూ పాస్. అలాగే బూజు పరీక్షకి ముందు అదే సెట్టుకి ఉప్పు పరీక్ష చేయకూడదు, ఉప్పు ఉన్నచోట బూజు సరిగ్గా ఎదగదు. ఆ బూజు పరీక్ష 28 రోజులు నడుస్తుంది, ఆ నెలంతా ఆ గది పక్కన ఎవరూ టిఫిన్ డబ్బా విప్పేవాళ్లు కాదు.

కింద పడేసిన సంగతి. పికప్ ట్రక్కు వెనక డోర్ మీంచి జారి సిమెంటు మీద మూలమీద పడింది. మూల దగ్గర పెయింటు పోయింది, యాంటెన్నా మొదట్లో ఉండే వంపు మెడ సడలింది, అంతే. మానిటర్‌కి కలిపితే అంకెలు అలాగే ఉన్నాయి.

ఇక్కడే కొత్త పరికరాల డబ్బాల మీద కనిపించే మిల్ స్టాండర్డ్ 810 ముద్ర గురించి. 1962లో మొదలైన ఆ స్టాండర్డ్ ఇప్పుడు 2019 నాటి హెచ్ ఎడిషన్‌లో ఉంది. మనిషి మోసే వస్తువుని 122 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 26 సార్లు పడేయాలి, ఆరు ముఖాలు, పన్నెండు అంచులు, ఎనిమిది మూలలు. కానీ ఆ 26 దెబ్బల్ని అయిదు నమూనాల దాకా పంచుకోవచ్చు. అంటే ఒక్కో సెట్టు తినేది అయిదారు దెబ్బలే కావచ్చు. పైగా దీనికి సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ ఆఫీసంటూ లేదు, ఏ పరీక్షలు చేయాలో తయారీదారే ఎంచుకోవచ్చు. అందుకని డబ్బా మీద ముద్ర చూసి మురిసిపోకుండా అడగండి: ఏ పరీక్ష, ఏ ప్రొసీజర్, కనెక్టర్ మూత పెట్టి చేశారా తీసి చేశారా. ఆ ముద్రే ఉన్న ఒక చేతి రేడియో నాకూ ఉండేది, కంపెనీ పేరు వద్దులెండి. రెండేళ్లకి పక్కనున్న ఇయర్‌ఫోన్ రబ్బరు మూత చెవి తెగి ఊడిపోయింది, ఆ వానాకాలమే దాని ఆఖరి వానాకాలం.

బ్యాటరీ ఈ సెట్టుకి పెద్ద శాపం. అప్పట్లో మెగ్నీషియం బ్యాటరీలు వాడేవాళ్లు, గోడౌన్లో ఏళ్ల తరబడి నిలవుంటాయి కానీ వాడేటప్పుడు వేడెక్కి హైడ్రోజన్ వదులుతాయి. తర్వాత లిథియం వచ్చింది. ఎవరైనా పాతవి అమ్ముతానంటే తీసుకోకండి, డబ్బు దండగ. నేను పన్నెండు రీచార్జబుల్ నికెల్ సెల్స్ వరసగా కలిపి 14.4 వోల్టుల కట్ట చేసుకున్నాను. ఇది మూడో కట్ట. చలికాలంలో ఆ కట్టని కోటు లోపల పెట్టుకుని, మీటరు పొడవు వైరుతో సెట్టుకి కలుపుతాను. వీపు మీద సెట్టు, పొట్ట దగ్గర బ్యాటరీ, మధ్యలో వైరు, చూసినవాళ్లు ఏమనుకుంటారో వదిలేయండి.

తొమ్మిదేళ్ల రిపేర్ల లెక్క నోట్‌బుక్ చూసి చెప్తున్నాను. హ్యాండ్‌సెట్లు మూడు, అందులో రెండు వైరు మొదట్లో తెగినవే. అయిదు పిన్నుల ఆడియో కనెక్టర్‌లో స్ప్రింగ్ పిన్ను ఇరుక్కోవడం నాలుగుసార్లు. గాస్కెట్ ఒకటి, యాంటెన్నా మెడ ఒకటి. రేడియో లోపల స్క్రూడ్రైవర్ పెట్టి బాగుచేసింది సున్నా. మా ల్యాబ్‌లో ఫెయిలైన సెట్లు కూడా చాలావరకు ఇలాగే ఫెయిలయ్యేవి, బోర్డు చెడి కాదు, బోర్డు బయటికి వచ్చే దారిలో.

కొనాలా? పాత సామాను మీద పిచ్చి ఉండి, ఆరు మీటర్ల లైసెన్స్ ఉండి, వీపు నొప్పి లేకపోతే కొనండి. అమెరికాలో 150 నుంచి 250 డాలర్ల మధ్య నేను చూశాను, పైన హ్యాండ్‌సెట్ ఖర్చు. కొనేముందు బ్యాటరీ పెట్టె విప్పి గాస్కెట్‌ని గోటితో నొక్కండి, గుంట పడి మళ్లీ లేవాలి. ఆడియో పిన్నులు అయిదూ వేలితో నొక్కితే లోపలికి వెళ్లి బయటికి రావాలి. ఆ రెండూ బాగుంటే బేరం ఆడకుండా తెచ్చుకోండి. అత్యవసరానికి, నమ్మకంగా ఎవరితోనైనా మాట్లాడాలంటే మాత్రం మామూలు హామ్ రేడియో కొనుక్కోండి, దీంతో మాట్లాడాలంటే అవతల కూడా నాలాంటివాడు ఒకడుండాలి.

నా సెట్టు ఇప్పుడు బేస్‌మెంట్ టేబుల్ మీద ఉంది. మొన్న మళ్లీ ఆడియో పిన్ను ఇరుక్కుంది, అయిదోసారి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి తలకిందులుగా పెట్టాను, రేపు చూడాలి.