వత్తుల మిషన్, బై బ్యాక్ అంటూ ఎవరైనా వస్తే డబ్బు కట్టకముందు ఇది చదవండి (తిరుపతి)

మొన్న ఆదివారం పేపర్ మధ్యలో నుంచి ఒక పసుపు పాంప్లెట్ జారిపడింది. ‘ఇంట్లోనే ఉండి నెలకు 40 వేలు సంపాదించండి. కర్పూరం బిళ్లల మిషన్ మాది, ముడిసరుకు మాది, తయారైన బిళ్లలు కొనే బాధ్యతా మాదే.’ ఇలా తిరిగి కొంటామనడాన్నే బై బ్యాక్ అంటారు. కంపెనీ పేరు కొత్తది, ఫోన్ నంబరు కొత్తది. మాటలు మాత్రం పోయిన శ్రావణమాసంలో నా చేతికొచ్చిన పాంప్లెట్‌లో ఉన్నవే. కర్పూరం అన్నచోట అప్పుడు దూది వత్తులు అని ఉండింది, అంతే తేడా. ఆ వత్తుల మిషన్ నేను కొన్నాను. అందుకే ఇది రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక చేసుకోండి.

మాది కొర్లగుంట. మా ఆయన బస్టాండు దగ్గర ఒక హోటల్లో క్యాషియర్. వ్యాపారం లేదని చెప్పి ఓనరు ఒక మనిషిని తీసేసి, ఆ పని కూడా ఈయనకే అప్పజెప్పి, జీతం మాత్రం 3 వేలు తగ్గించాడు. ఇంటి బాడుగ తగ్గదు కదా. ఇద్దరు పిల్లల ఫీజులు, నూనె, గ్యాసు, పొదుపు గ్రూపు కంతు. నేను చీరలకు ఫాల్స్ కుట్టి, జాకెట్లకు హుక్కులు వేసి తెచ్చేది నెలకు రెండు వేలు దాటదు. ఇలాంటప్పుడు పాంప్లెట్ చేతికొస్తే మనిషి చదివే తీరు వేరుగా ఉంటుందండీ. తప్పులు కనపడవు, అంకెలే కనపడతాయి.

ఆఫీసు ఎయిర్ బైపాస్ రోడ్డులో, మేడ మీద. ఏసీ, గాజు తలుపు, గోడ నిండా ఫ్రేములు కట్టిన సర్టిఫికెట్లు. డెమో చూపించిన అబ్బాయికి పాతికేళ్లుంటాయి, అందరినీ అక్కా అక్కా అంటాడు. ఎవరో ఒకావిడ ‘ఇవి అమ్ముడుపోతాయా బాబూ’ అని అడిగింది. ‘తిరుపతిలో ఉండి ఆ మాట అడుగుతున్నావా అక్కా?’ అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. నన్ను పడగొట్టింది ఆ ఒక్క మాటే. కపిలతీర్థం దగ్గర కార్తీకమాసంలో ఎన్ని వత్తులు వెలుగుతాయో చిన్నప్పటి నుంచి చూస్తున్నదాన్ని, వత్తులకు గిరాకీ లేదని ఎలా అనుకుంటాను? కొండకు కూడా తామే ఇస్తున్నట్టు మాట్లాడాడు. ఇస్తున్నాం అని మాత్రం అనలేదు. దేవస్థానం సరుకు కొనేది టెండర్లు పిలిచి అన్న సంగతి మన ఊర్లో అందరికీ తెలిసిందే, ఆ పూట నాకు గుర్తు రాలేదు.

లెక్క ఇలా చెప్పారు. మిషన్ 1,45,000. దూది వాళ్లే ఇస్తారు, కిలో 320. వత్తులు చేసి తెచ్చిస్తే కిలో 620 లెక్కన కొంటారు. అంటే కిలోకు 300 మిగులు. రోజుకు 8 కిలోలు చేస్తే 2,400, నెలలో పాతిక రోజులు చేసినా 60 వేలు. ‘మీరు బద్ధకించి సగమే చేయండక్కా, 30 వేలు ఎక్కడికీ పోవు’ అన్నాడు. నా రెండు గాజులు, గొలుసు కుదువ పెట్టాం. తక్కువపడింది మా అన్న దగ్గర తీసుకున్నాం.

మిషన్ వినాయక చవితికి ముందే వచ్చింది. కుట్టుమిషన్ కన్నా కొంచెం పెద్దది. దూది పట్టీ ఒకవైపు నుంచి పెడితే రెండు రోలర్ల మధ్య నలిగి, వత్తి అయి ముందున్న ట్రేలో పడుతుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. పది నిమిషాలకొకసారి రోలర్‌కు పీచు చుట్టుకునేది. స్విచ్ ఆపి, పిన్నీసుతో ఆ పీచంతా లాగి, మళ్లీ మొదలుపెట్టాలి. దూది ధూళి చారులో, మంచం మీద, చిన్నోడి కనురెప్పల మీద. వాడికి దగ్గు పట్టుకుంటే మిషన్ వసారాలోకి మార్చాం. పొద్దున్నుంచి దీపాల వేళ దాకా కూర్చున్నా మూడు కిలోలు దాటేది కాదు. 8 కిలోలు ఎవరు చేశారో దేవుడికే తెలియాలి.

అయినా డబ్బులొచ్చాయి. ఇది జాగ్రత్తగా చదవండి, అసలు వల ఇక్కడే ఉంది. మొదటిసారి 20 కిలోలు ఇచ్చాను, పన్నెండో రోజుకు 12,400 అకౌంట్లో పడింది. రెండోసారి 30 కిలోలు, 18,600. దూది ఖర్చు పోను రెండింటికీ కలిపి 15 వేలు మిగిలింది. దసరాకు పిల్లలకు బట్టలు తీశాను. ఆ బ్యాంకు మెసేజ్ వీధిలో నలుగురికి చూపించాను. రేణిగుంటలో ఉన్న మా పిన్ని కూతురు ఆ మెసేజ్ చూసే మిషన్ తీసుకుంది. దాన్ని తీసుకొచ్చినందుకు ఆఫీసులో నాకు 5 వేలు ఇచ్చారు, తీసుకున్నాను. తర్వాత ఆ డబ్బు దానికే ఇచ్చేశాననుకోండి. ఇచ్చేస్తే మాత్రం? ఇప్పటికీ ఫంక్షన్లలో అది నా పక్కన కూర్చోదు.

మూడోసారి 40 కిలోలు, సరిగ్గా కార్తీకమాసం మొదట్లో. 18 కిలోలు తీసుకుని, 22 కిలోలు వెనక్కి ఇచ్చారు. తేమ ఉందట, పొడుగు సమానంగా లేదట. ‘అన్నా, పోయిన రెండుసార్లూ ఇలాగే ఉన్నాయి కదా’ అంటే అగ్రిమెంట్ నాలుగో పేజీ తీసి చూపించాడు. సరుకు నాణ్యత విషయంలో కంపెనీదే తుది నిర్ణయం అని అక్కడ ఇంగ్లీషులో ఉంది. సంతకం పెట్టినరోజు ఆ పేజీలన్నీ ఒకమ్మాయి తెలుగులో అయిదు నిమిషాల్లో చెప్పేసింది, ఈ ముక్క తప్ప. ఊరంతా వత్తులు కొనే కార్తీకంలో వత్తులు వద్దన్న వత్తుల కంపెనీని అప్పుడే అనుమానించాల్సింది. తీసుకున్న 18 కిలోలకు 11,160 రావాలి. వచ్చే సోమవారం అన్నారు. ఆ సోమవారం రాలేదు. పౌర్ణమి దాటాక వెళ్తే గాజు తలుపుకు తాళం, లోపల ఫ్రేములు లేవు. కింద జిరాక్స్ అంగడి ఆయన ‘రాత్రికి రాత్రి లారీ పెట్టినారమ్మా, మాకూ మూడు నెలల జిరాక్సు డబ్బులు బాకీ’ అన్నాడు.

నా లెక్క తేలింది ఇది. మిషన్ 1,45,000, మూడోసారి దూదికి 12,800, అందులో నుంచి మొదటి రెండుసార్లు మిగిలిన 15 వేలు తీసేస్తే 1,42,800 పోయింది. బంగారం మీద వడ్డీ వేరే.

వెనక్కి వచ్చిన వత్తులు ఒక సంచిలో వేసుకుని గోవిందరాజస్వామి గుడి దగ్గర పూజా సామాను అంగడికి పోయాను. పెద్దాయన ఒక వత్తి తీసి వేళ్ల మధ్య నలిపి చూశాడు. ‘మిషన్ వత్తి తల్లీ ఇది. సరుకు బాగానే ఉండాది’ అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. కిలో ఎంతకు తీసుకుంటారని అడిగా. ‘నాకు అంగడికాడికే తెచ్చి 350కి దించిపోతారు. 620 పెట్టి కొంటే నేనెంతకు అమ్మేది?’

బస్టాప్ దాకా నడుస్తూ అదే ఆలోచించాను. తయారైన వత్తులే 350కి అంగట్లో దిగుతుంటే, నాకు ఉత్త దూది 320కి అమ్మారు. నా దగ్గర 620కి కొని ఆ కంపెనీ ఎవరికి అమ్ముతుంది? ఎవరికీ అమ్మదు. వాళ్ల వ్యాపారం వత్తులు కాదు, మిషన్లు. మా ఆయన స్నేహితుడు కోయంబత్తూరులో కనుక్కుంటే అదే రకం మిషన్ మేం కట్టిన డబ్బులో మూడో వంతుకే వస్తుందన్నారు. అంటే ఒక్క నా దగ్గరే 90 వేల పైన మిగిలింది. అందులో నుంచి 15 వేలు తీసి నాకే ‘లాభం’ అని ఇచ్చారు. నేను సంపాదించాననుకున్నది నా గాజుల డబ్బే.

ఆ పెద్దాయనను శ్రావణంలోనే అడిగి ఉంటే పావుగంటలో తేలిపోయేది. కొత్త పాంప్లెట్ పట్టుకున్నవాళ్లకు నేను చెప్పేది కూడా ఇదే. మీరు తయారు చేయబోయే సరుకు ఏదైనా సరే, ఆ కంపెనీని మర్చిపోయి, ముందు మీ వీధి అంగట్లో దాన్ని ఎంతకు కొంటారో అడగండి. ఆ రేటుకు గిట్టుబాటు అయితేనే మిషన్ గురించి ఆలోచించండి. కర్పూరం అయితే ఇంకో సంగతి, అది భగ్గున అంటుకునే సరుకు. అగ్గిపెట్టె లాంటి అద్దె ఇళ్లలో, పిల్లలు తిరిగే చోట మూటలు మూటలుగా పెట్టుకునేది కాదు.

గోడ మీద ఫ్రేముల సంగతి. వాటిలో పెద్దగా కనిపించేది ఉద్యమ్ సర్టిఫికెట్, అంటే చిన్న వ్యాపారాలకు ఇచ్చే రిజిస్ట్రేషన్. దానికి పైసా ఖర్చు లేదు, మన వివరాలు మనమే ఆన్‌లైన్లో చెప్పుకుంటే వస్తుంది. నా ఫాల్స్ కుట్టే పనికి నేనూ తీసుకోవచ్చు. కంపెనీ మంచిదని ప్రభుత్వం ఇచ్చిన హామీ కాదది. జీఎస్టీ నంబరు మాత్రం పనికొస్తుంది. జీఎస్టీ వెబ్‌సైట్‌లో ఆ 15 అక్షరాలు కొడితే ఎవరి పేరు మీద ఉంది, నడుస్తోందా రద్దయిందా అన్నీ కనపడతాయి, లాగిన్ అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ నంబర్లు 37తో మొదలవుతాయి. నా బిల్లు మీద 36 ఉంది, అంటే తెలంగాణది. ఆఫీసు తిరుపతిలో, నంబరు అక్కడిది. మా అన్న కొడుకు చూసి చెప్పాడు, మేం మిషన్ కొనకముందే అది రద్దయిపోయిందట. రెండు నిమిషాల పని. చేతిలో ఫోన్ ఉంది, రీల్స్ చూడటానికి తీరిక ఉంది.

ఇప్పటికే కట్టేసినవాళ్లకు. పోలీస్ స్టేషన్లో ముందు ‘అగ్రిమెంట్ ఉంది కాబట్టి సివిల్ కేసమ్మా’ అన్నారు. ఒక్కదాన్నే వెళ్లినప్పటి మాట అది. తొమ్మిది మందిమి బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పట్టుకుని వెళ్లాక ఫిర్యాదు తీసుకున్నారు. మోసానికి ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318 సెక్షన్, పాత 420 బదులు వచ్చింది అదే. డబ్బు ఆన్‌లైన్లో తెలియనివాళ్లకు పంపి మోసపోయి ఉంటే మాత్రం స్టేషన్‌కు పోయేదాకా ఆగకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకో ఖాతాలోకి దాటకముందే ఆపగలిగితేనే ఉపయోగం.

రెండోది వినియోగదారుల కమిషన్. ‘నువ్వు వ్యాపారానికి కొన్నావు, వినియోగదారువి కావు’ అని నాకు ఇద్దరు చెప్పారు. అది తప్పు. సొంతంగా పనిచేసుకుని బతకడానికి కొన్న వస్తువు వ్యాపార అవసరం కింద రాదని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే రాసి ఉంది. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, వకీలు లేకుండా మనమే వేసుకోవచ్చు, రెండేళ్ల లోపు వేయాలి. గొడవలన్నీ హైదరాబాదు కోర్టులోనే అని నా అగ్రిమెంట్లో ఉంది, చూసి భయపడ్డాను. మనం ఉండే ఊర్లోనే ఫిర్యాదు వేసుకోవచ్చని ఆ చట్టమే చెబుతోంది. తిరుపతిలో కమిషన్ ఉంది. ఎలా వేయాలో తెలియకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే చెబుతారు. నేను వేశాను. డబ్బు చేతికొస్తుందని నమ్మకంగా చెప్పలేను, ఎదుటివాడు ఎక్కడున్నాడో తెలియాలి కదా. అందుకే కట్టకముందు చదవమన్నాను.

మిషన్ మీద దుప్పటి కప్పి వసారాలో ఉంచాం. మళ్లీ ఫాల్స్ కుడుతున్నాను, ఈమధ్య జాకెట్లు కూడా. వెనక్కి ఇచ్చిన 22 కిలోల మూట అటక మీద ఉంది. మా అత్త రోజూ పొద్దున అందులో నుంచి రెండు వత్తులు తీసి దేవుడి దగ్గర దీపం పెడుతుంది. ‘బాగానే ఎలుగుతా ఉండాయి కదే’ అంటుంది. మూట తగ్గినట్టు కూడా కనపడటం లేదు.